బోలు గోడలో అసలు పని లోపలి అచ్చును బయటికి తీయడమే

కాంక్రీటు గోడ మధ్యలో ఖాళీలు వదిలితే సిమెంటు, కంకర మిగులుతాయి. గోడ బరువు తగ్గుతుంది. ఆ ఖాళీల్లోంచి కడ్డీలు, కరెంటు పైపులు దించుకోవచ్చు. ఈ మాట ఇల్లు కట్టుకునే ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. మరి ఇంత లాభం ఉన్నప్పుడు సైటులో పోసే గోడలన్నీ బోలుగానే ఎందుకు పోయడం లేదు? మేస్త్రీలకు తెలియక కాదు. కాంక్రీటు పోసేటప్పుడు ఆ ఖాళీ జాగాలో ఏదో ఒకటి నిలబడి ఉండాలి, పని అయ్యాక అది బయటికి రావాలి. గోడ ఆకారం, మిక్సులో నీళ్లు, ఒక దఫాలో పోసే ఎత్తు, రోజుకు సాగే పని, చివరికి ఖర్చు కూడా ఆ అచ్చు ఎలా బయటికి వస్తుందన్న దగ్గరే తేలతాయి. బోలు గోడ గురించి మాట్లాడేవాళ్లు మిగిలే సిమెంటును లెక్కపెడతారు. లాగే పనిని లెక్కలోకి తీసుకోవడం తక్కువ.

లాభం నిజమే, అందులో అనుమానం లేదు. 200 మి.మీ. మందం గోడ తీసుకుందాం. అందులో గోడ మందం వైపు 100 మి.మీ., పొడవు వైపు 200 మి.మీ. ఉండే నిలువు ఖాళీలు, రెండు ఖాళీల మధ్య 50 మి.మీ. అడ్డం. బయట, లోపల 50 మి.మీ. చొప్పున పొరలు. ఖాళీలు లేకుండా పోస్తే చదరపు మీటరు గోడకు 0.2 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, బరువు సుమారు 480 కిలోలు. ఖాళీలు వదిలితే 0.12 ఘనపు మీటర్లు చాలు, బరువు 290 కిలోల లోపే. అంటే 40 శాతం సరుకు తగ్గింది. గోడ పక్కకు వంగకుండా నిలిచే బిగువు మాత్రం 10 శాతమే తగ్గుతుంది. వంపును అడ్డుకునేది ప్రధానంగా బయటి, లోపలి పొరలు. మధ్యలో ఉన్న కాంక్రీటు ఈ పనిలో పెద్దగా పాలుపంచుకోదు, బరువు మాత్రం పెంచుతుంది. పైనుంచి వచ్చే బరువు మోసే విషయంలో ఈ లాభం ఉండదు. మోసే వైశాల్యం 40 శాతం తగ్గితే మిగిలిన కాంక్రీటు మీద ఒత్తిడి దాదాపు మూడింట రెండు వంతులు పెరుగుతుంది. ఒకటి రెండు అంతస్తుల ఇంటికి అది ఇబ్బంది కాదు, ఆపైన డిజైన్ చేయకుండా కట్టకూడదు.

బయటి రేకు వదులుతుంది, లోపలి అచ్చు బిగుస్తుంది

కాంక్రీటు గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. బయటి సెంట్రింగ్‌కు, అంటే కాంక్రీటును బయటినుంచి పట్టి ఉంచే పలకలకు, ఇది మేలు చేస్తుంది, బోల్టులు విప్పితే పలక సులువుగా ఊడొస్తుంది. లోపలి అచ్చుకు అదే కుంచింపు కీడు చేస్తుంది. చుట్టూ ఉన్న కాంక్రీటు దాన్ని నలువైపులా నొక్కి పట్టుకుంటుంది. బయటి సెంట్రింగ్ అలవాటుతో లోపలి అచ్చును కూడా మర్నాడు పొద్దున తీయొచ్చులే అనుకుంటే అది గోడలోనే ఉండిపోతుంది.

ఆ పట్టు ఎంతో చూద్దాం. 100 మి.మీ. వ్యాసం ఉన్న నున్నటి ఇనుప పైపు, 3 మీటర్ల పొడవు, గోడలో నిలువుగా పెట్టి చుట్టూ కాంక్రీటు పోశారు. పైపుకు అంటుకున్న ఉపరితలం దాదాపు 9,400 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరుకు 50 గ్రాముల పట్టు ఉందనుకున్నా మొత్తం 470 కిలోలు అవుతుంది. ఇది చేతులతో లాగే బరువు కాదు, చైన్ పుల్లీ కావాలి. ఆ చైన్ పుల్లీ పైపును పైకి లాగుతున్నంతసేపూ పైపు పచ్చి గోడను కూడా తనతో పైకి లాగుతుంది. ఇంకా బలం రాని కాంక్రీటు ఆ లాగుడుకు ఆగదు, అడ్డంగా పగుళ్లు ఇస్తుంది. పైపు పూర్తిగా బిగుసుకుంటే రాదు, సగం బిగిసినప్పుడు లాగితే గోడ చీలుతుంది.

ఇంకొకటి, కంటికి కనపడదు కాబట్టి చాలామంది మరిచిపోయేది: గాలి. అడుగు మూసి ఉన్న అచ్చును పైకి లాగుతుంటే కింద గాలి లేని జాగా ఏర్పడుతుంది. 100 మి.మీ. వ్యాసానికి బయటి గాలి ఒత్తిడి దాదాపు 80 కిలోల బరువుతో అచ్చును కిందికి నొక్కుతుంది. అచ్చు అడుగున చిన్న రంధ్రం పెట్టి, గాలి పైనుంచి లోపలికి వెళ్లే దారి ఇస్తే ఈ బాధ పోతుంది. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు ఆ రంధ్రంలోకి చొరకుండా గుడ్డతోనో బిరడాతోనో మూసి ఉంచాలి, లాగే ముందు తీయాలి.

అందుకే లోపలి అచ్చులను ఏటవాలుగా చేస్తారు. పైభాగం కొంచెం వెడల్పుగా, కింది భాగం కొంచెం సన్నగా. నిటారు పైపుతో ఉన్న చిక్కేమిటంటే, మొదటి అంగుళం కదిలినా రాపిడి పోదు, చివరిదాకా రాసుకుంటూనే రావాలి. ఏటవాలు అచ్చు అలా కాదు. కాస్త కదిలిందంటే చాలు, అన్ని వైపులా ఒకేసారి వదులవుతుంది. కాకపోతే ఈ వాలుకు కూడా ధర ఉంది. ప్రతి 50 మి.మీ. ఎత్తుకు పక్కకు 1 మి.మీ. వాలు ఇచ్చామనుకుంటే, 600 మి.మీ. ఎత్తులో ఒక్కో పక్క 12 మి.మీ. తేడా వస్తుంది. సర్దుకోవచ్చు. అదే వాలుతో 3 మీటర్ల అచ్చు చేస్తే ఒక్కో పక్క 60 మి.మీ. తేడా. మనం అనుకున్న గోడ పొరే 50 మి.మీ., కాబట్టి అది కుదరని పని. అంతస్తు ఎత్తు అచ్చును ఒకేసారి పెట్టి లాగేద్దామన్న ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది. పొట్టి అచ్చు పెట్టి, కొంచెం పోసి, దాన్ని పైకి జరుపుకుంటూ పోవడమే దారి.

వాలు ఉన్న అచ్చుకు మరో గుణం ఉంది, అది పైకి తేలుతుంది. తడి కాంక్రీటు ఘనపు మీటరుకు 2,400 కిలోలు. అది పక్కల నుంచి నొక్కేటప్పుడు ఏటవాలు ముఖం మీద పడే ఒత్తిడిలో కొంత భాగం పైకి తోస్తుంది. వైబ్రేటర్ పెట్టగానే కోర్ (ఈ లోపలి అచ్చు) మెల్లగా లేవడం మొదలవుతుంది. అడ్డంగా పెట్టే గొట్టాల్లో ఇది మరీ ఎక్కువ. 100 మి.మీ. గొట్టం మీటరుకు దాదాపు 19 కిలోల కాంక్రీటును పక్కకు నెడుతుంది. అంతకన్నా తక్కువ బరువున్న గొట్టమైతే తేలుతుంది. పీవీసీ పైపును స్లాబులో వైరుతో గట్టిగా కట్టకపోతే పైకి వచ్చేది ఇందుకే. కోర్‌లను బయటి సెంట్రింగ్‌కు అడ్డ పట్టీతో బిగించడం చూడటానికి చిన్న పనే, వదిలేస్తే గోడ పొర ఒకచోట 50, ఇంకోచోట 25 మి.మీ. తేలుతుంది.

ఇక ఎప్పుడు లాగాలన్న ప్రశ్న. మామూలు వాతావరణంలో గోడల నిలువు సెంట్రింగ్ 16 నుంచి 24 గంటల తర్వాత తీయొచ్చని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. లోపలి అచ్చు అంతసేపు ఆగకూడదు. కాంక్రీటు తనంతట తాను నిలబడగలిగి, అచ్చును ఇంకా కరిచి పట్టుకోని సమయం ఒకటుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే లాగాలి. సిమెంటు రకం, నీళ్లు, ఎండ, గాలి అన్నీ దాన్ని అటూ ఇటూ జరుపుతాయి. మే నెలలో రామగుండంలో పనికొచ్చిన టైము డిసెంబరులో అరకులో పనికిరాదు. అనుభవం ఉన్నవాళ్లు గడియారాన్ని కాక కాంక్రీటునే చూస్తారు. బొటనవేలితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మాత్రం పాలు అంటకూడదు. గుండ్రటి పైపులకైతే ఒక మంచి పద్ధతి ఉంది. పోసినప్పటి నుంచీ అప్పుడప్పుడూ పైపును కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే పట్టు దొరకదు, చివర్లో లాగడం తేలిక. నలుచదరపు కోర్‌ను తిప్పలేం. ఎక్కువ ఖాళీ ఇచ్చే ఆకారం నలుచదరమే, సులువుగా వచ్చే ఆకారం గుండ్రనిది. పైన చెప్పిన 200 మి.మీ. గోడలో 150 మి.మీ.కు ఒకటి చొప్పున 100 మి.మీ. గుండ్రటి ఖాళీలు పెడితే మిగిలే సరుకు 26 శాతమే. లాగడం తేలికైనందుకు సిమెంటు రూపంలో చెల్లించాల్సిన ధర ఆ తేడా.

అచ్చుకు నూనె రాయడం అందరికీ తెలుసు. పలుచగా రాయాలి, ముద్దలుగా గ్రీజు పూయడం కాదు. తర్వాత కడ్డీ దించి కాంక్రీటు నింపబోయే ఖాళీలకైతే వాడేసిన ఇంజిన్ ఆయిల్ అసలు వద్దు. ఖాళీ లోపలి గోడకు ఆ జిడ్డు అంటుకుంటే కొత్త కాంక్రీటు పాతదాన్ని పట్టుకోదు, కడ్డీ పెట్టిన ప్రయోజనమే దెబ్బతింటుంది.

హాలో బ్లాకు ఎందుకు గెలిచింది

లాగే కష్టాన్ని గోడ మీది నుంచి తీసి దిమ్మలు తయారుచేసే యార్డులోకి మార్చడమే హాలో బ్లాకు (బోలు దిమ్మ) చేసిన పని. అమెరికాలో హార్మన్ పామర్ 1900లో పోత ఇనుప యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. బయటికి తీయగలిగే లోపలి కోర్, జరుపుకోగలిగే పక్క పలకలు దాని ప్రత్యేకత. అంతకుముందు కూడా బోలు దిమ్మల ప్రయత్నాలు జరిగాయి, వ్యాపారంగా నిలిచింది మాత్రం ఆ తర్వాతే. పొడి మిక్సును అచ్చులో వేసి దిమ్మిసతో కొట్టి, కోర్ లాగేసి, దిమ్మను పక్కన పెట్టేసేవారు. మనిషి చేత్తో చేసే ఆ పనిని తర్వాతి దశాబ్దాల్లో యంత్రాలు, కంపనం అందుకున్నాయి. ఇప్పుడు మన ఊళ్ల యార్డుల్లో నేల మీద జరుగుతూ దిమ్మలు పెట్టుకుంటూ పోయే ఎగ్ లేయింగ్ మిషన్ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది.

ఎక్కడైనా సైటులో ఒక హాలో బ్లాకును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూస్తే కోర్ చరిత్ర అంతా కనిపిస్తుంది. ఒక వైపు రంధ్రం కొంచెం పెద్దది, రెండో వైపు కొంచెం చిన్నది. రంధ్రం పెద్దగా ఉన్న చోట గోడ పొర సన్నగా, చిన్నగా ఉన్న చోట మందంగా ఉంటుంది. ఇది తయారీ లోపం కాదు. కోర్ తేలిగ్గా రావడానికి ఇచ్చిన వాలు దిమ్మ మీద మిగిల్చిన గుర్తు. పని తెలిసిన మేస్త్రీ మందం వైపును పైకి పెట్టి కడతాడు, మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) పరచడానికి ఎక్కువ జాగా దొరుకుతుంది, చేత్తో పట్టుకుని ఎత్తడానికీ వీలుగా ఉంటుంది. తలకిందులుగా పెడితే సగం మాలు రంధ్రంలో పడిపోతుంది.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2185 మొదటి భాగం ప్రకారం హాలో బ్లాకులో మొత్తం ఘనపరిమాణంలో 50 నుంచి 75 శాతం సరుకు ఉండాలి. అంటే సగానికి మించి ఖాళీ ఉండకూడదు. మామూలుగా దొరికే దిమ్మ 390 పొడవు, 190 ఎత్తు, మందం 190 మి.మీ. 10 మి.మీ. మాలు కలిపితే 400, 200 లెక్కకు సరిపోతుంది. 190 మి.మీ. ఎత్తు అన్నది గమనించాలి. ఆ ఎత్తులో వాలు చాలా కొంచెం చాలు, గాలి పట్టు యంత్రానికి లెక్కలోది కాదు, పొడి మిక్సు కాబట్టి గంటల తరబడి ఎదురుచూడక్కర్లేదు. పైన చెప్పిన కష్టాలన్నీ ఒకేసారి తగ్గాయి. బదులుగా వచ్చింది మాలు కీళ్లు. ఒక్క ముక్కగా ఉండాల్సిన గోడ వందల ముక్కలైంది, నీరు కారినా పగులు వచ్చినా ముందు ఆ కీళ్ల దగ్గరే వస్తుంది.

గోడ మీదే దిమ్మ పోయడం

కీళ్ల మాలు లేకుండా, యార్డు నుంచి మోత లేకుండా దిమ్మను దాని స్థానంలోనే పోస్తే? 1990లలో రష్యాలో సొంతంగా ఇళ్లు కట్టుకునేవాళ్ల కోసం వచ్చిన టీస్ పద్ధతి ఇదే. అడుగు లేని ఇనుప రేకు పెట్టె, లోపల రెండు కోర్‌లు. పెట్టెను గోడ మీద పెట్టి, పొడి మిక్సు వేసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, వెంటనే కోర్‌లు లాగి, పెట్టె ఎత్తి, పక్కన పెట్టి మళ్లీ పోస్తారు. ఒక్కో దిమ్మ పొడవు 510, ఎత్తు 150 మి.మీ. గోడ మందం 250 మి.మీ. వచ్చే పెట్టె ఒకటి, 380 మి.మీ. వచ్చే పెట్టె ఇంకొకటి. అక్కడి చలికి ఖాళీల్లో వేడిని ఆపే సరుకు నింపుకుంటారు. సిమెంటు, ఇసుక సుమారు 1:3, నీళ్లు చాలా తక్కువ.

పోసిన వెంటనే కోర్ లాగినా దిమ్మ ఎలా నిలుస్తుందన్న అనుమానం సహజం. చిన్నప్పుడు తడి ఇసుకను పాదం మీద వేసి తట్టి, మెల్లగా పాదం వెనక్కి తీసి పిచ్చుక గూళ్లు కట్టినవాళ్లకు జవాబు తెలుసు. పొడి ఇసుక జారిపోతుంది, నీళ్లు ఎక్కువైతే గూడు కూలుతుంది, చెమ్మ సరిగ్గా ఉన్నప్పుడే నిలుస్తుంది. రేణువుల మధ్య ఉన్న పలుచని నీటి పొర వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఇక్కడ జరిగేదీ అదే, సిమెంటు పని మొదలయ్యేదాకా ఆ చెమ్మ పట్టే దిమ్మను నిలబెడుతుంది. మిక్సు సరిపోయిందో లేదో చూసే పద్ధతి కూడా చేతిదే. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిసికి వేళ్లు విప్పితే ముద్ద విరగకుండా నిలవాలి, అరచేతికి మాత్రం నీళ్లు అంటకూడదు.

ఈ పద్ధతిలో మోసం చేసేది దిమ్మిస. చూడటానికి నున్నగా, గట్టిగా కనిపించే దిమ్మ లోపల సరిగ్గా దట్టం కాకపోయి ఉండొచ్చు. పైపొర మీదే కొట్టి కింది సగం వదిలేస్తే అక్కడ గుల్లగా ఉండి వాన నీటిని పీల్చుకుంటుంది. కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు వేసి ప్రతిసారీ కొట్టాలి. మూలల్లో, కోర్‌కూ బయటి రేకుకూ మధ్య ఉన్న సన్నటి సందులో మరింత శ్రద్ధ కావాలి. రెండో ప్రమాదం ఎండ. పొడి మిక్సులో నీళ్లు ముందే తక్కువ. అవి కూడా ఆవిరైపోతే సిమెంటు గట్టిపడటానికి ఏమీ మిగలదు, వారం తర్వాత గోటితో గీకితే ఇసుక రాలుతుంది. రష్యాలో పుట్టిన పద్ధతిని తెలుగు నేల మీదికి తెస్తే మొదట మారాల్సింది ఇదే. దిమ్మ కాస్త గట్టిపడగానే తడి గోనెసంచి కప్పాలి, నీళ్లు కొట్టడం వారం పది రోజులు ఆపకూడదు. ఖాళీల్లోకి నీళ్లు పోస్తే లోపలి వైపు నుంచీ తడి అందుతుంది, బోలు గోడకు ఉన్న సౌకర్యం ఇది. ఇసుక బదులు రోబో శాండ్ వాడేవాళ్లు అందులో పొడి మరీ ఎక్కువ ఉంటే నీళ్లు ఎక్కువ తాగుతుందని గుర్తుంచుకోవాలి.

ముడుచుకునే అచ్చులు, లోపలే ఉండిపోయే అచ్చులు

లాగడానికి బదులు అచ్చును ముడిచేయడం ఇంకో దారి. ఊరి బయట సిమెంటు వరలు పోసే చోట ఇది రోజూ కనిపిస్తుంది. బయటి రేకు రెండు ముక్కలు, బోల్టులు విప్పితే విడిపోతుంది. లోపలి రేకుకు ఒకచోట చీలిక ఉంటుంది. అక్కడ బిగించిన పట్టీ తీసేస్తే రేకు లోపలికి ముడుచుకుని వ్యాసం తగ్గుతుంది, వర నుంచి విడివడి వస్తుంది. హైదరాబాదులో ఎత్తైన అపార్టుమెంట్ల లిఫ్టు గోడలకు వాడే లోపలి సెంట్రింగ్ ఇదే సూత్రం పెద్దగా. నాలుగు మూలల్లో ప్రత్యేకమైన ముక్కలుంటాయి, వాటి స్క్రూ తిప్పితే నాలుగు పలకలూ కొన్ని సెంటీమీటర్లు లోపలికి జరుగుతాయి. అప్పుడు క్రేన్ మొత్తం పెట్టెను ఒక్కసారిగా పై అంతస్తుకు ఎత్తుతుంది. గోడ పొరల మధ్య 100 మి.మీ. సందులో ఇలాంటి కీళ్లు పెట్టడం మాత్రం కష్టం. సిమెంటు పాలు చేరి కీలు పట్టేస్తే ముడుచుకోవాల్సిన అచ్చు మామూలు అచ్చుకన్నా మొండికేస్తుంది.

గాలి నింపిన రబ్బరు గొట్టాలది మరో రకం. ప్రీస్ట్రెస్డ్ దూలాల్లో, అంటే లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించే దూలాల్లో, ఆ కేబుళ్ల దారుల కోసం వీటిని వాడారు. గాలి తీసేస్తే గొట్టం సన్నబడి ఒక కొస నుంచి ఊడుతూ వస్తుంది. రాపిడి బాధ దాదాపు ఉండదు. బదులుగా ఇవి తేలికగా ఉండటంతో పైకి తేలతాయి, వంకర పోతాయి, కంకర మొన తగిలి చిరిగితే పని అక్కడే ఆగుతుంది. చేయి తిరిగినవాళ్లు, గట్టి పర్యవేక్షణ ఉన్న ఫ్యాక్టరీలకే ఇవి నప్పుతాయి.

అసలు తీయకుండా లోపలే వదిలేస్తే? థర్మోకోల్ దిమ్మలు, పీవీసీ పైపులు అలా వదిలేసేవే. లాగే శ్రమ పోతుంది, సరుకు ఖర్చు గోడలో కలిసిపోతుంది. జి.ఎఫ్.ఆర్.జి. పలకలు దీన్ని తెలివిగా తిప్పాయి. ఎరువుల ఫ్యాక్టరీల్లో మిగిలే జిప్సంతో, గాజు పీచు కలిపి చేసే బోలు పలకలివి. 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 124 మి.మీ. మందం. లోపల 250 మి.మీ.కు ఒకటి చొప్పున 230, 94 మి.మీ. కొలతల ఖాళీలు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ పద్ధతి మీద ఐఐటీ మద్రాసు చాలా పరిశోధన చేసి 2013లో తమ ఆవరణలోనే నమూనా ఇల్లు కట్టి చూపింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ నెల్లూరులో ఈ పలకలతో 36 ఇళ్ల ప్రదర్శన ప్రాజెక్టు చేపట్టింది. ఇక్కడ ఖాళీల కోసం వాడే లోహపు కడ్డీలను ఫ్యాక్టరీ బల్ల మీదే పక్కకు లాగేస్తారు. 3 మీటర్ల పొడవు ఖాళీ నుంచి లాగడం ఇక్కడ ఎందుకు సాధ్యమైంది? జిప్సం గంటలు కాదు, నిమిషాల్లో పట్టుకుంటుంది. గట్టిపడేటప్పుడు కాంక్రీటులా కుంచించుకోదు, కొంచెం వ్యాకోచిస్తుంది. అచ్చు అదే, పొడవూ అంతే, సరుకు గుణం మారేసరికి లాగే సమస్య స్వరూపమే మారిపోయింది. సైటులో కావలసిన ఖాళీల్లో కడ్డీలు పెట్టి కాంక్రీటు పోస్తే పలకే దానికి సెంట్రింగ్ అవుతుంది.

ఖాళీ ఉంటే చల్లగా ఉంటుందా

బోలు గోడ గురించి ఎక్కువగా వినిపించే మాట ఇల్లు చల్లగా ఉంటుందన్నది. కొంత నిజం, చాలావరకు అతిశయం. 200 మి.మీ. గట్టి కాంక్రీటు గోడలోంచి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు దాదాపు 3.4 వాట్ల వేడి లోపలికి వస్తుంది. ఖాళీ ఉన్న చోట అది దాదాపు 2.4కు తగ్గుతుంది. అయితే అడ్డాల దగ్గర కాంక్రీటు ఇటు నుంచి అటు దాకా ఉంటుంది, అక్కడ వేడికి దారి మూసుకోదు. మూలలు, నింపిన ఖాళీలు, గోడ పొడవునా అడ్డంగా పోసే కాంక్రీటు బెల్టులు కలిపి గోడలో 40 శాతం ఇలా గట్టిగా ఉందనుకుంటే సగటు 2.8 దగ్గర తేలుతుంది. ఐదో వంతు కన్నా తక్కువ లాభం. ఖాళీని ఇంకా వెడల్పు చేస్తే బాగుంటుందనుకోవడం కూడా తప్పే. 25 మి.మీ. దాటాక ఖాళీ పెరిగినా వేడిని ఆపే శక్తి దాదాపు అంతే ఉంటుంది. వెడల్పు ఖాళీలో గాలి తిరగడం మొదలుపెడుతుంది, పైగా వేడిలో పెద్ద వంతు ఒక పొర నుంచి ఎదుటి పొరకు నేరుగా కిరణాలుగానే దాటుతుంది. చల్లదనమే కావాలంటే ఖాళీల్లో వేడిని ఆపే సరుకు నింపాలి, పడమటి గోడకు నీడ ఇవ్వాలి, పైకప్పు సంగతి ముందు చూసుకోవాలి. ఖాళీ ఉందన్న ధైర్యంతో ఇవి వదిలేస్తే మే నెలలో నిరాశే.

ఖాళీ నిజంగా పనికొచ్చేది కడ్డీలకు. గోడ మూలల్లో, తలుపు కిటికీల పక్కల నిలువు కడ్డీ పెట్టి ఆ ఖాళీని కాంక్రీటుతో నింపితే మామూలు ఇటుక గోడలో దొరకని బలం వస్తుంది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం భూకంపాలు చూసిన నేల మనది, కోస్తాలో తుఫాను గాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ కడ్డీ పునాది నుంచి పైదాకా తెగకుండా వెళ్లాలి, ప్లింత్ (పునాది పైన), లింటెల్ (తలుపు కిటికీల పైన), రూఫు స్థాయిల్లో అడ్డ బెల్టులతో ముడిపడాలి. కోర్ లాగినప్పుడు రాలిన పెళ్లలు, మాలు ముద్దలు ఖాళీ అడుగున చేరతాయి. కింది వరసలో చిన్న కిటికీ వదిలి, శుభ్రం చేసి, అప్పుడే నింపాలి. పైనుంచి పోసిన కాంక్రీటు కింద దాకా వెళ్లిందన్న నమ్మకం ఆ కిటికీలోంచి చూసినప్పుడే కలుగుతుంది. సన్నటి పొరల్లో 20 మి.మీ. కంకర వాడకూడదు. కంకర సైజు కనీస మందంలో నాలుగో వంతు మించరాదన్న నియమం ప్రకారం 50 మి.మీ. పొరకు 12 మి.మీ. లోపు చిప్సే పనికొస్తాయి. నింపకుండా వదిలిన ఖాళీలను పైన మూసేయాలి, లేకపోతే వాన నీళ్లు దిగుతాయి, చీమలూ ఎలుకలూ కాపురం పెడతాయి.

ఎన్ని కోర్‌లు, ఎన్ని రోజులు

ఖర్చు లెక్క దగ్గరికి వస్తే సిమెంటు ఆదా కన్నా కోర్ రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుందన్నదే ముఖ్యం. మొత్తం 40 మీటర్ల గోడ పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న చిన్న ఇల్లు అనుకుందాం. 600 మి.మీ. చొప్పున 5 దఫాలు. 250 మి.మీ.కు ఒక ఖాళీ కాబట్టి ఒక దఫాకు 160 ఖాళీలు. చేతిలో 10 కోర్‌లు ఉండి, తడి మిక్సు పోసి, బయటి పలకలు మర్నాటి దాకా తీయకపోతే రోజుకు 2.5 మీటర్లే అవుతుంది. దఫాకు 16 రోజులు, గోడలకు 80 రోజులు. తలుపు కిటికీల జాగా తీసేసినా రెండు నెలలు తప్పవు. 40 కోర్‌లు చేయిస్తే 20 రోజుల్లో అవుతుంది, కానీ ఒక్క ఇంటికి అన్ని ఇనుప అచ్చులు, వాటికి సరిపడా బయటి పలకలు చేయిస్తే మిగిలిన సిమెంటు డబ్బు అక్కడే అయిపోతుంది. ఇరవై ముప్ఫై ఒకే రకం ఇళ్లు కట్టేవాళ్లకు ఈ లెక్క మళ్లీ కలిసొస్తుంది.

అందుకే సొంతంగా ఒక్క ఇల్లు కట్టుకునేవాళ్లకు పొడి మిక్సు, వెంటనే లాగే పొట్టి కోర్ తప్ప వేరే దారి లాభసాటి కాదు. ఒక్క పెట్టె చాలు, అది రోజంతా ఖాళీగా ఉండదు. కూలి ఎక్కువ, యంత్రం తక్కువ. మనిషి శ్రమకు ధర కట్టని స్వంత పనిలో ఇది బాగుంటుంది, రోజు కూలి ఇచ్చి చేయిస్తే యార్డులో దొరికే హాలో బ్లాకుతో పోటీ పడటం కష్టం. బ్లాకుల యార్డు దూరంగా ఉండి రవాణాయే భారమైన చోట, కొండ ఊళ్లలో, పాత గోడల మధ్య ఇరుకు జాగాల్లో మళ్లీ దీనిదే పైచేయి.

పెట్టె చేయించుకునేవాళ్లు వెల్డింగ్ షాపులో అడగాల్సినవి కొన్నే. కోర్‌కు నాలుగు పక్కలా వాలు ఉందా, వెల్డింగ్ గడ్డలు గ్రైండ్ చేసి నున్నగా చేశారా, లాగడానికి పిడి మధ్యలో ఉందా, గాలి రంధ్రం పెట్టారా. పిడి పక్కకు ఉంటే లాగినప్పుడు కోర్ ఒరిగి పొరను గీస్తుంది, అక్కడే దిమ్మ విరుగుతుంది. గోడ మొదలుపెట్టే ముందు నేల మీద నాలుగైదు దిమ్మలు పోసి కోర్ లాగి చూడాలి. రెండో రోజు వాటిలో ఒకదాన్ని పగలగొట్టి లోపలి అంచులు, కింది మూలలు దట్టంగా ఉన్నాయో లేదో చూసి, గుల్లగా ఉంటే దిమ్మిస కొట్టే తీరు మార్చుకున్నాకే పునాది మీద పెట్టె పెట్టాలి.